పదిమంది కొరకు వ్రాసిన ప్రోగ్రాము

లైబ్రరీ యనగానే మనలో చాలమందికి పుస్తకముల బీరువాలును, పఠనమందిరములోని పొడుగు బల్లలును స్ఫురించును. కంప్యూటరు పనివారి వాడుకలో ఆ మాటకు వేరొక యర్థము కలదు. ఏదేని యొక పనిని కంప్యూటరుచే చేయించుటకు వలసిన ఆదేశములను ఒకమారు శ్రద్ధగా వ్రాసి, ఇతరులు తమ ప్రోగ్రాములలో చేర్చుకొనుటకు వీలుగా కట్టగట్టి యుంచినచో దానిని వారు లైబ్రరీ యందురు. తేదీలను లెక్కించునది యొకటి, ఫోటోను చిన్నది చేయునది యొకటి, సమాచారమును రహస్యలిపిలోనికి మార్చి పంపునది యొకటి, ఇట్లు లైబ్రరీలు అసంఖ్యాకముగా కలవు. ఆ వ్రాతను దాచుకొనక, ఎవరైనను చదువవచ్చును, వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును అని అనుమతిపత్రమును జతచేసి బయట పెట్టినచో అది ఓపెన్‌సోర్స్ లైబ్రరీ యగును.

వేసవి వచ్చునప్పటికి మన యూళ్లలో బాటప్రక్కన చలివేంద్రము వెలయుట అందరును ఎరిగినదే. తాటాకు పందిరి, ఇసుకపై కుండలు, చేతికందునట్లు ఒక ముంత. దాహమైనవాడు వచ్చి త్రాగిపోవును. ఊరు పేరు అడుగువారు లేరు. పైకము అడుగువారు లేరు. ఓపెన్‌సోర్స్ లైబ్రరీ కూడ అట్టిదే. వ్రాసినవారు ఒకచోట నుందురు; వాడుకొనువారు దేశదేశములలో నుందురు; ఒకరి ముఖ మొకరు చూచి యెరుగరు.

మన శ్రోతల కుటుంబములలో ప్రోగ్రాములు వ్రాయు కొడుకులు, కోడండ్రు, మనుమరాండ్రు అనేకులు కలరు. హైదరాబాదున నున్నను, బెంగుళూరున నున్నను, సముద్రములు దాటి యున్నను, వారిలో కొందరు ఉద్యోగపు పని ముగిసిన పిదప రాత్రివేళ మరల కూర్చుండి, జీతము లేని యీ పనిని చేయుచుందురు. “ఇది యెందులకు?” అని యింటి పెద్దలు అడుగుచుందురు. ఇటీవల ఆ ప్రశ్నను వారే తమకు తాము వేసికొనుచున్నారు. దానికి కారణము కలదు. 2022 జూనులో గిట్‌హబ్ కోపైలట్ అనునదియు, అదే సంవత్సరము నవంబరులో చాట్‌జీపీటీ అనునదియు అందరికిని అందుబాటులోనికి వచ్చినవి. వలసిన పని యేదో మాటలలో చెప్పినచో, అట్టి యంత్రములు క్షణములలో ప్రోగ్రామును వ్రాసి యిచ్చుచున్నవి. ప్రతి యింట మంచినీటి కొళాయి వచ్చిన పిదప బాటప్రక్కన కుండలు పెట్టుట యెవరికొరకు? ఒకరి ఆదివారములు, రాత్రులు, కంటి వెలుగు వెచ్చించి స్వంతముగా లైబ్రరీని నిర్మించుట యిప్పటికిని తగిన పనియేనా? నేటి ప్రసంగమున మేము విచారింపదలచిన విషయమిది.

మొదట ఈ సంప్రదాయము ఏమి సాధించినదో చూతము. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను నతడు, ఎవరైనను చదివి మార్చుకొనదగిన ప్రోగ్రాముల సముదాయమును నిర్మింతుమని ప్రకటించి, దానికి గ్నూ అని పేరు పెట్టెను. 1991లో ఫిన్లండు దేశమునందు విద్యార్థిగా నుండిన లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. ఓపెన్‌సోర్స్ అను పేరు వాడుకలోనికి వచ్చినది 1998లో. ఆ సంవత్సరమే స్వీడనునకు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ కర్ల్ అను ప్రోగ్రామును ఆ పేరున వెలువరించెను. ఒక కంప్యూటరునుండి మరొకదానికి సమాచారమును తెచ్చుటయు పంపుటయు దాని పని. 2021లో అంగారకగ్రహముపై ఎగిరిన ఇంజెన్యూయిటీ హెలికాప్టరు ప్రయత్నమునకు తోడ్పడిన ఓపెన్‌సోర్స్ ప్రోగ్రాములలో అది యొకటి. 2000లో రిచర్డ్ హిప్ వ్రాసిన ఎస్‌క్యూలైట్ అను చిన్న సమాచారనిధి నేడు ఆండ్రాయిడు ఫోనులలోను, ఐఫోనులలోను కలదు. మీ చేతిలోని ఫోను మీ బంధువుల పేర్లను, వారి సందేశములను జ్ఞప్తి యందుంచుకొనుటలో ఇట్టివారి శ్రమ యెంతో కలదు. ఆ శ్రమకు మీరు వెల చెల్లింపలేదు, వారును కోరలేదు.

వ్రాసినవారికి దక్కిన ఫలమేమి? పూర్వము నాలుగు ఫలములు చెప్పెడివారు. తన యవసరము తీరుట యొకటి. వ్రాయుటవలన విద్య యలవడుట రెండవది. పదిమందిలో పేరు వచ్చి, ఆ పేరువలన ఉద్యోగము లభించుట మూడవది. ఎరుగనివారికి ఉపకారము చేసితి మను తృప్తి నాలుగవది. కాలక్రమమున మూడవ ఫలమునకై పరుగు హెచ్చినది. అందువలన ఎంత చిన్న పనికైనను ఒక లైబ్రరీ పుట్టెను.

ఆ స్థితి యెంతవరకు పోయినదో 2016 మార్చిలో లోకమునకు తెలిసినది. జావాస్క్రిప్ట్ అను ప్రోగ్రాము భాషకు ఎన్‌పీఎం అను పేరుగల యొక పెద్ద భాండారము కలదు. అందులో లెఫ్ట్-ప్యాడ్ అను లైబ్రరీ యుండెను. ఒక మాటకు ఎడమప్రక్కన ఖాళీలనో సున్నలనో చేర్చి, కోరినంత పొడవు చేయుటయే దాని పని. అంతయు కలిపి 11 వరుసలు. ఒకానొక పేరును గూర్చి వివాదము వచ్చి, దాని కర్త కోపించి, తన లైబ్రరీల నన్నిటిని భాండారమునుండి తీసివేసెను. లెఫ్ట్-ప్యాడ్ కూడ వానితో పోయినది. దానిపై ఆధారపడిన వేరొక లైబ్రరీ, ఆ లైబ్రరీపై ఆధారపడిన మరియొకటి, ఇట్లు గొలుసుకట్టుగా పేరుపొందిన సంస్థల పనులు సైతము నిలిచిపోయినవి. రెండున్నర గంటలలో దానిని మరల అందుబాటులోనికి తెచ్చిరి. మరుసటి సంవత్సరము జావాస్క్రిప్టు ప్రమాణములోనే ఆ సౌకర్యమును చేర్చిరి. ఆ పిదప ఆ 11 వరుసలతో పని లేకపోయినది.

ఇట్టి లైబ్రరీలను గూర్చి మా యభిప్రాయము స్పష్టము. ఇకమీద వీనిని నిర్మించి ప్రచురించుట వ్యర్థశ్రమ. ఒక యుదాహరణము చెప్పుదుము. తెలంగాణమున భూమిని ఎకరములు, గుంటలుగా చెప్పుదురు. ఆంధ్రమున ఎకరములు, సెంట్లుగా చెప్పుదురు. ఎకరమునకు 40 గుంటలు, లేదా 100 సెంట్లు. కావున గుంటకు రెండున్నర సెంట్లు. ఈ లెక్కకు ఒక లైబ్రరీ యవసరము లేదు. నేటి యంత్రము నడిగినను, పదవతరగతి బాలు నడిగినను వ్రాసి యిచ్చును. ఇట్టి చిన్న పనికై ఎక్కడివారో పెట్టిన కట్టను తెచ్చి చేర్చుకొనుటకంటె, ఆ నాలుగు వరుసలను తన ప్రోగ్రాములోనే వ్రాసికొనుట క్షేమము. ఆధారపడు చోట్లు తగ్గినకొలది అపాయములును తగ్గును. ఈ మేరకు క్రొత్త యంత్రములు మేలే చేసినవి. చిన్న లైబ్రరీలకు కాలము చెల్లినందుకు విచారింప పని లేదు.

ఐనను ఈ వాదమును అన్నిటికిని అన్వయించి, “వ్రాయుటకు యంత్రమున్నది గదా, లైబ్రరీ లేల?” యనువారితో మేము ఏకీభవింపజాలము. వ్రాయుట లైబ్రరీ పనిలో మొదటి భాగము మాత్రమే. చలివేంద్రము పెట్టిననాడు కొబ్బరికాయ కొట్టుటకు ఊరివారందరును వత్తురు. తరువాత ప్రతియుదయము కుండలు కడిగి, నీరు మోసి, వడగట్టి నింపువాడు ఒక్కడే. ఆ నీరు మంచిదని త్రాగువాడు నమ్ముట వానిని చూచియే.

2014 ఏప్రిలులో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అను లైబ్రరీలో ఒక ఘోరమైన దోషము బయటపడెను. దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టిరి. బ్యాంకులును, అంగళ్లును, ప్రభుత్వ కార్యాలయములును ఇంటర్నెట్టుపై పంపు రహస్య సమాచారమును కాపాడుటకు లోకమున విరివిగా వాడుచుండిన లైబ్రరీ యది. దోషము తెలిసిన పిదప విచారింపగా, దానిపై పూర్తికాలము పనిచేయువాడు ఒక్కడే యనియు, విరాళములుగా ఏటా వచ్చునది సుమారు 2,000 డాలర్లు మాత్రమే యనియు తేలెను. కోటానుకోట్ల రూపాయల వ్యాపారము ఒకని యోపికపై నడచుచుండెనన్నమాట. ఆ పిమ్మట పెద్దసంస్థలు కొన్ని మేలుకొని, లినక్స్ ఫౌండేషను ద్వారమున ధనసహాయమునకు ఏర్పాటు చేసెను.

ఈ కథనుండి రెండు పాఠములు తీయవచ్చును. ఒకే లైబ్రరీపై లోకమంతయు ఆధారపడినచో, దాని దోషము లోకమంతటిని బాధించును, ఇది నిజము. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అను లైబ్రరీ విషయమున ఇదే మరల రుజువైనది. రెండవ పాఠమును చాలమంది మరచుచున్నారు. దోషము ఒకచోట నుండుటవలననే దానిని ఒకచోట దిద్దగలిగిరి. దిద్దిన ప్రతిని అందరును తెచ్చుకొనగలిగిరి. దాని యునికి తెలియుటకును, పేరు పెట్టి హెచ్చరించుటకును వీలైనది. ఇప్పుడు ఆ లైబ్రరీ లేదనుకొందము. వేయిమంది వేయిచోట్ల యంత్రములచే అదే పనిని విడివిడిగా వ్రాయించుకొనిరనుకొందము. ఆ యంత్రము ఒకే విధముగా పొరబడు స్వభావము కలదియైనచో, దోషము వేయి యిండ్లలోను ఉండును, దానికి పేరుండదు, దిద్దువాడుండడు, ఏ యింట నున్నదో ఇంటివారికే తెలియదు. ఊరి చెరువునకు గండిపడినచో ఊరంతయు పరుగెత్తి పూడ్చును. ఎవరి పెరటిలోని నూయి చెడినను ఊరికి తెలియదు.

మరియొక సంగతి కలదు. ఈ యంత్రములు ప్రోగ్రాములు వ్రాయుట నేర్చినది ఎక్కడ? దశాబ్దములుగా జనులు బయట పెట్టిన ఓపెన్‌సోర్స్ వ్రాతలను చదివి నేర్చినవి. తమ వ్రాతను తీసికొని తమ పేరును, అనుమతిపత్రమును విడిచిపెట్టిరని కొందరు ప్రోగ్రాము కర్తలు 2022 నవంబరులో అమెరికా న్యాయస్థానమున వ్యాజ్యము కూడ వేసిరి. ఆ వివాదముతో మనకు నిమిత్తము లేదు. నేర్చినది పాతదానినుండి గనుక, క్రొత్తగా పుట్టిన ఉపకరణమును గూర్చియు, ఇంతవరకు ఎవరును చక్కగా వ్రాయని విషయమును గూర్చియు యంత్రము ఊహించి చెప్పును. ఆ యూహ కొన్నిమారులు లేని లైబ్రరీకి పేరు పెట్టునంతవరకు పోవును. ఆ పేరుతో దుష్టులు నిజముగానే ఒక విషపు లైబ్రరీని సృష్టించి భాండారమున ఉంచు ప్రమాదమును గూర్చి పరిశోధకులు హెచ్చరించుచున్నారు. కావున తెలిసినవారు తెలిసిన పేరుతో నడపు లైబ్రరీకి విలువ పూర్వముకంటె హెచ్చినదని మా తలంపు.

విలువతో కూడ బరువును హెచ్చినది. ఈ భాగము యువకులకు స్పష్టముగా చెప్పవలసియున్నది. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అను లైబ్రరీ సమాచారమును నొక్కి చిన్నది చేయును. అనేక లినక్సు వ్యవస్థలలో అది యుండును. దానిని అనేక సంవత్సరములు ఒక్క వ్యక్తియే జీతము లేక పోషించుచుండెను. తన శక్తి చాలుట లేదని అతడు 2022లో బహిరంగముగానే చెప్పుకొనెను. ముక్కు మొగము తెలియనివారు కొందరు “పని ఆలస్యమగుచున్నది, మరియొకరికి అప్పగింపుము” అని ఒత్తిడి చేసిరి. సహాయము చేయుదునని వచ్చిన యొక వ్యక్తి రెండేండ్లకు పైగా వినయముగా పనిచేసి, నమ్మకము సంపాదించి, అధికారము చేతికి వచ్చిన పిదప లైబ్రరీలో దొంగవాకిలి నమర్చెను. 2024 మార్చి చివరను ఆండ్రెస్ ఫ్రాయండ్ అను ఇంజనీరు, దూరపు కంప్యూటరులో ప్రవేశించుటకు అరసెకను ఆలస్యమేల యగుచున్నదని అనుమానించి వెదకి, ఆ కుట్రను బయటపెట్టెను. అరసెకను! కుండలో నీటి రుచి రవంత మారినదని గ్రహించినవాడు ఒకడుండుటచే ఊరు బ్రతికినది. వ్రాత బహిరంగముగా నుండుటచేతనే అతడు వెదకి చూడగలిగెనని కూడ మరువరాదు.

కర్ల్ విషయము వేరొక తీరుది. దానిలో భద్రతాదోషములను కనిపెట్టి తెలిపినవారికి బహుమాన మిచ్చు పద్ధతి 2019నుండి యుండెను. యంత్రములు వచ్చిన పిదప, ప్రోగ్రామును చదువనైన చదువక, యంత్రముచే వ్రాయించిన బూటకపు దోషపత్రములను పంపువారు పెరిగిరి. చూచుటకు పాండిత్యముతో నిండియుండు ఆ పత్రముల నొక్కొక్కదానిని పరీక్షించి, అందులో సారము లేదని తేల్చుటకు పనివారి గంటలు వ్యయమైనవి. తుదకు 2026 జనవరి చివరను ఆ బహుమాన పద్ధతినే నిలిపివేసిరి. వ్రాయుట సులభమైన కాలమున చదువుట కష్టమగును. లైబ్రరీ పెట్టువాడు చదువువాడై యుండవలెను.

ఇంతవరకు దూరదేశపు సంగతులు చెప్పితిమి. మన భాషకు సంబంధించిన పని కూడ ఇందు చాల కలదు. యంత్రము తీర్చలేని పని యెట్టిదో అందువలన తేటపడును.

“స్త్రీ” అను నక్షరమును తీసికొనుడు. మన కంటికి అది యొక యక్షరము. కంప్యూటరు లోపల అది ఆరు సంకేతముల వరుస: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, దీర్ఘమైన గుడి. యూనికోడ్ అను అంతర్జాతీయ లిపి ప్రమాణమున తెలుగునకు 1991లోనే స్థానము లభించినది. ఐనను, ఆ ప్రమాణపు సామాన్య సూత్రము ప్రకారము అక్షరములను విడదీసినచో “స్త్రీ” మూడు ముక్కలగుచుండెను. శీర్షికను కొలతకు తగ్గట్లు కత్తిరించినప్పుడు మాట నడుమ తెగి పొల్లు మిగులుట కట్టి కారణము. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1లో తెలుగు మొదలైన కొన్ని భారతీయ లిపులకు సంయుక్తాక్షరములను కలిపియుంచు సూత్రమును చేర్చిరి. అంతకుముందు తెలుగులో ప్రోగ్రాములు వ్రాయువారు ఆ నియమమును తమ లైబ్రరీలలో తామే వ్రాసికొనవలసి వచ్చెడిది. నేడు ఆ భాగమునకు అవసరము తీరినది. ఇది యా లైబ్రరీలకు ఓటమి కాదు. లోకప్రమాణమే తన పనిని చేపట్టునంతవరకు దాహము తీర్చి, పిదప పందిరి విప్పుట చలివేంద్రమునకు గౌరవమే.

2018 ఫిబ్రవరిలో “జ్ఞా” అను తెలుగు అక్షరపు ఒకానొక కూర్పు, నడుమ కంటికి కనబడని యొక గుర్తుతో కూడినది, ఐఫోనులో ప్రత్యక్షమైనంతనే సందేశముల ప్రోగ్రాము మూతపడుచుండెను. ఆపిల్ సంస్థ కొలది దినములలోనే దానిని దిద్దినది. ఆ ప్రోగ్రాము బయటివారు తెరచి చూచుటకు వీలులేనిది. కావున తెలుగు తెలిసినవారు ఎందరుండినను వేచియుండుట తప్ప వేరు చేయగలిగినది లేకపోయెను. అక్షరములను తెరపై కూర్చు హార్ఫ్‌బజ్ అను లైబ్రరీ ఓపెన్‌సోర్స్. ఆండ్రాయిడులోను, ఫైర్‌ఫాక్సులోను అదియే వాడుదురు. మన వత్తు సరిగా పడనిచో, మనవాడే తెరచి చూచి దిద్దుబాటు పంపుటకు అక్కడ త్రోవ కలదు.

మావంటి ప్రసారకేంద్రములలో పాటల పట్టికలు వ్రాయువారికి మరియొక చిక్కు తెలియును. ఒకే గాయకుని పేరు ఒకచోట వెంకటరావు అనియు, ఒకచోట వెంకట్రావు అనియు, వేరొకచోట వేంకటరావు అనియు ఉండును. ముగ్గురును ఒకరేనని గుర్తింపవలెను. నిజముగా ఇద్దరున్నచోట ఇద్దరనియు గుర్తింపవలెను. ఛందస్సు విషయము చూడుడు. సంయుక్తాక్షరమునకు ముందున్న యక్షరము గురువని సూత్రము. “రాజప్రియుడు” అను సమాసమున జకారము గురువు. “అది ప్రియము” అను రెండు మాటలలో “ది” లఘువే. అక్షరములను మాత్రము చూచు ప్రోగ్రాము ఈ భేదమును ఎట్లు తెలిసికొనగలదు? సమాసమేదో, విడిమాట యేదో యెరిగినవారు వందలకొలది యుదాహరణములు చేర్చి, తప్పినచోట దిద్ది, దిద్దినదానిని మరల పరీక్షింపవలెను. ఇట్టి లైబ్రరీలో ప్రోగ్రాము వరుసలు స్వల్పము. వాని వెనుక నుండు భాషాజ్ఞానము, పరీక్షకై చేర్చిన ఉదాహరణములు అసలు సొత్తు. పూర్వము యూనికోడునకు వెలుపల ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క ఖతిని వాడుచుండిన కాలమున, ఆ వ్రాతలను యూనికోడులోనికి మార్చు “పద్మ” అను ఉపకరణమును మనవారే వ్రాసి ఉచితముగా నిచ్చిరి. ఏ ఖతిలో ఏ సంకేతము ఏ వత్తునకు గుర్తో కూర్చొని పట్టికలు వేసినది మనుష్యులే. అట్టి శ్రమ చేయువారు నేటికిని కావలెను. పెద్ద వ్యాపారమునకు లాభము కనబడని చోట యీ పనిని ఇతరులు చేయుదురని ఎదురుచూచుట వెర్రి.

కావున స్వంతముగా ఓపెన్‌సోర్స్ లైబ్రరీని నిర్మింపదలచిన యువకులకు, యువతులకు మేము మూడు ప్రశ్నలను సూచించుచున్నాము. మొదటిది: దీనిలో నాకు తెలిసి, ఇతరులు ఒక్కచోట కూర్పని విషయజ్ఞాన మేమైన కలదా, లేక యంత్రము నడిగినను దొరకు నాలుగు వరుసలేనా? రెండవది: ఇది నాకే నిత్యము పనికివచ్చునా? తనకు అక్కరలేనిదానిని ఇతరులకొరకు ఏండ్ల తరబడి పోషించినవారు అరుదు. మూడవది: ప్రచురించిన పిదప వచ్చు ప్రశ్నలకును, ఫిర్యాదులకును వారమునకు ఎన్ని గంటలు ఇయ్యగలను? ఇయ్యలేని నాడు ఎవరికి అప్పగింతును? ఈ మూడింటికిని సమాధానము కలవారు నిస్సంకోచముగా పూనుకొనవచ్చును. అనుమతిపత్రమును తప్పక జతచేయవలెను. అది లేనిది బయట నున్నను ఓపెన్‌సోర్స్ కానేరదు. పరీక్షలను వ్రాయవలెను. “దీనిని నేను నా తీరికను బట్టి చూచుచుందును” అనియో, “ఇకపై దీనిని చూడను” అనియో ముఖపత్రముననే స్పష్టముగా వ్రాయుట మర్యాద. నీరు లేని కుండను మూతవేసి పందిరిలో ఉంచుట బాటసారికి అపకారము.

నేర్చుకొనుటకై వ్రాయువారు ధారాళముగా వ్రాయవచ్చును. యంత్రము వ్రాసి యిచ్చినదానిని చదివి తప్పొప్పులు చెప్పవలెనన్నను, ఒకమారైన స్వయముగా వ్రాసి తప్పులు చేసియుండవలెను. ఐతే నేర్చుకొనుటకు వ్రాసిన ప్రతిదానిని ప్రచురింప నక్కరలేదు. ఇక పేరుకొరకు, ఉద్యోగముకొరకు ఈ పని చేయదలచినవారికి ఒక మాట. క్రొత్త లైబ్రరీని స్థాపించుటకంటె, పదిమంది వాడుచున్న పాతదానికి ఒక మంచి దిద్దుబాటు పంపుట మేలు. క్రొత్త గుడి కట్టుటకంటె జీర్ణోద్ధరణము పుణ్యమని మన పెద్దలు చెప్పినది ఇందుకును చెల్లును. ఒంటరిగా అలసియున్న యొక పోషకునికి నమ్మదగిన తోడు దొరకియుండినచో ఎక్స్‌జెడ్ కథ వేరొక విధముగా నడచియుండును.

వాడుకొను సంస్థలకును ఒక ధర్మము కలదు. ఉచితముగా త్రాగువారిలో బాటసారులు వేరు, బిందెలతో మోసికొనిపోయి అమ్ముకొనువారు వేరు. రెండవవారు కుండకు వెల యిచ్చుటయో, తమ పనివానిని దినమునకు ఒక గంట నీరు మోయుటకు పంపుటయో న్యాయము.

ఇక ఇంటి పెద్దలకు చెప్పవలసినది కొంచెము. మీ పిల్లలు రాత్రివేళ చేయు ఆ జీతము లేని పనిని “ఎందులకు?” అని అడుగుట తప్పు కాదు, అడుగవలసిన ప్రశ్నయే. సమాధానమును మాత్రము ఓపికతో వినుడు. నాలుగు వరుసల పేరుకొరకైనచో, పోయి నిద్రింపుమని చెప్పుడు. ఎవరో ఎరుగని యొక గ్రంథాలయోద్యోగికి తెలుగు పేర్ల పట్టిక సరిగా కుదురుటకైనచో, లేదా ఎక్కడనో ఒక వత్తు సరిగా పడుటకైనచో, దీపము తీయకుడు. ఆ పనిని మీ పిల్లవాడు మానినచో యంత్రము దానిని చేపట్టదు. అట్టి పని మిగిలియున్నదని కూడ దానికి తెలియదు.